గొలుసు దగ్గర మనిషి

డోంబివిలి, ముంబయి
10 జూన్ 2024

మావయ్యా,

నేను క్షేమం అన్న సంగతి అమ్మ ఈపాటికి నీకు రాసి చూపించే ఉంటుంది. ఫోన్లో అమ్మకి చెప్పనివి నీకు ఉత్తరంలో రాస్తున్నాను. నీ చెవులు గోదావరి దాటించే పంటు ఇంజనుకి ఎప్పుడో అప్పజెప్పేసేవు. ఫోన్లో నీతో మాట్లాడాలంటే నేను ముంబయి అంతా లేచి కూర్చునేలా అరవాలి. చదివి చింపెయ్యి. అమ్మకి చూపించకు.

నన్ను కొట్టేరు మావయ్యా.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే, పోయిన సోమవారం. లాబులో కాదు, రైల్లో. మన చెరువుల్లో రొయ్యలకి ఏ మందులు పోసేరో చూసే లాబు అంధేరీలో ఉంది. నేను దిగిన గది డోంబివిలిలో. పొద్దున్న లోకల్ రైలెక్కి ఘాట్కోపర్‌లో దిగాలి. అక్కడ మెట్రో ఎక్కి అంధేరీ వెళ్ళాలి. అక్కణ్ణించి బస్సు. మెట్రో పరవాలేదు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, చల్లగా ఉంటుంది, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటారు. లోకల్‌కి తలుపులున్నా ఎవరూ మూయరు. మన పంటుకి అడ్డంగా కట్టే గొలుసు లాంటిది కూడా లేదు. స్టేషన్లో ఆగేది అర నిమిషం. ఆ కాస్తలోనే దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. అంతర్వేది తీర్థం నాడు పంటు మీద నిలబడే జనం ఇక్కడ రోజూ ఒక్కో పెట్టెలో ఉంటారు.

ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన సీటు ఖాళీగా కనబడితే కూర్చున్నాను. అది ఖాళీ కాదట. రోజూ ఒకే రైలెక్కే ఆడవాళ్ళకి ఇక్కడ జట్లుంటాయి. ఎవరి సీటు ఎవరిదో వాళ్ళలో వాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళు "మీరెక్కడ దిగుతారు?" అని అడిగి, దిగేక ఆ సీటు తీసుకోవాలి. నాకేం తెలుసు? రెండు చేతులకీ మోచేతుల దాకా పచ్చగాజులు వేసుకున్న ఒకావిడ వచ్చి లేవమంది. లేవనన్నాను. జుట్టు పట్టుకుని లేపింది. మోచేత్తో పొడిచేను. జట్టులో ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు, ఆవిడ స్టీలు టిఫిన్ డబ్బాతో మూతి మీద కొట్టింది. ఒక్కసారి కాదు. పెట్టె నిండా ఆడవాళ్ళున్నారు. ఒక్కరు అడ్డొస్తే ఒట్టు.

పెదవికి మూడు కుట్లు పడ్డాయి. అమ్మ వీడియో కాల్ చేసినప్పుడు మాస్కు పెట్టుకుని జలుబని చెప్పేను. రేవులో పెరిగినదాన్ని, నాకు చేతులు లేవా? ఏం చెయ్యమంటావో రాయి.

నీ విజయదుర్గ


సఖినేటిపల్లి రేవు
19 జూన్ 2024

విజయా,

దీవెనలు తర్వాత. ముందు ఆ పచ్చగాజులావిడ ఏ రైలెక్కుతుందో రాయి. తెడ్డు పట్టుకుని వస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివేను. చింపమన్నావు గానీ చింపలేదు. ఇంజను గదిలో డీజిలు డబ్బా వెనకాల పెట్టేను, మీ అమ్మ అక్కడికి రాదు. నాలుగోసారి చదువుతుంటే మన ఇంజను హెల్పరు నాగసతీష్ లోపలికొచ్చి, "ఏంటండీ సరంగు గారూ, మొహం అలా పెట్టేరు?" అన్నాడు. అన్నట్టున్నాడు. పెదాలు చూసి చెప్తున్నాను. వాడి మీద చేతిలో ఉన్న పానా విసిరేను. తగల్లేదులే.

కోపం దిగేక రెండురోజులాగి ఇది రాస్తున్నాను. విను. సీటు జోలికి పోకు. కూర్చున్నవాళ్ళని చూస్తే నిలబడ్డ అందరికీ కడుపుమంటే. నువ్వు తలుపు దగ్గర నిలబడు. పంటు మీద ఎంత జనం ఉన్నా గొలుసు దగ్గర మనిషికి ఎప్పుడూ జాగా ఉంటుంది. ఎందుకని? వెనకాల పరిగెత్తుకొచ్చేవాళ్ళకి ఆ మనిషి చెయ్యి కావాలి. నువ్వు చెయ్యిచ్చి లాగినవాళ్ళు నీ మీద చెయ్యెత్తలేరు. నలుగురిని లాగు, పెట్టె నీదవుతుంది.

ఎలా లాగాలో నీకు చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను. వేళ్ళు పట్టుకోకు, చెమటకి జారిపోతాయి. మణికట్టు పట్టుకో. అవతలి మనిషి చేత నీ మణికట్టు పట్టించు. అలా అయితే ఒకరి చెయ్యి సడలినా రెండోవాళ్ళ పట్టు నిలుస్తుంది. ఏడో తరగతి సెలవుల్లో నిన్ను గొలుసు దగ్గర నిలబెడితే, పాలక్యానుతో సహా సూరమ్మని ఒక్క ఊపున లోపలికి లాగేసేవు. చుక్క పాలు ఒలకలేదు. ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

పెదవికి కొబ్బరినూనె రాయి. మచ్చ పడనివ్వకు.

గంగబాబు మావయ్య


డోంబివిలి
8 జూలై 2024

మావయ్యా,

నువ్వు చెప్పింది అచ్చంగా పనిచేసింది! తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడుతున్నాను. రైలు కదిలేక పరిగెత్తుకొచ్చేవాళ్ళు రోజుకి ఇద్దరు ముగ్గురుంటారు. మణికట్టు పట్టి లాగుతున్నాను. మొదట్లో బిత్తరపోయేరు, ఇప్పుడు నా తలుపు వెతుక్కుని వస్తున్నారు. నర్సుగా చేసే ఒకావిడ మొన్న లడ్డూలు తెచ్చింది. నాకు మరాఠీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు. అయినా పేరు మాత్రం పెట్టేసేరు, వాళ్ళ భాషలో తలుపమ్మాయి అని.

ఇంకోటి చెప్తాను, తిట్టకు. శుక్రవారం పచ్చగాజులావిడ దిగుతూ కావాలని నా పాదం మడమతో తొక్కింది. గోరు ఊడొచ్చింది. నాకు కళ్ళు కనబడలేదు మావయ్యా. ప్లాట్‌ఫారం మీదికి ఆవిడ వెనకాలే దూకి, చెంప మీద ఒకటిచ్చేను. ముక్కులోంచి రక్తం కారింది. ఆవిడ జట్టు అందరూ చూస్తుండగా నాకొచ్చిన హిందీలో గట్టిగా అరిచి చెప్పేను. "ఎవరికైనా చెయ్యిస్తాను. దీనికివ్వను. ఇది ఎప్పుడైనా నా చెయ్యి పట్టుకుంటే పట్టాల మీదికి వదిలేస్తాను" అన్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది. మళ్ళీ నా వైపు చూడలేదు.

రాస్తుంటే ఇప్పటికీ హాయిగా ఉంది. రేవు వాళ్ళమ్మాయినని తెలిసిందిలే. అక్కడ వరద మొదలైందా? అమ్మని రేవుకి అన్నం క్యారేజీ తేవద్దను, భుజం నొప్పంటోంది.

నీ తలుపమ్మాయి


సఖినేటిపల్లి రేవు
15 జూలై 2024

విజయా,

చెంపదెబ్బ బాగుంది. సూరమ్మకి చెప్తే, "ఆయ్, మన పిల్లేనండీ" అని చప్పట్లు కొట్టింది.

రెండో సంగతి బాగాలేదు. చెయ్యివ్వనన్న మాట వెనక్కి తీసుకో. ఆవిడ కాళ్ళు పట్టుకోమనటం లేదు. కొట్టుకోండి, తిట్టుకోండి, రక్తం కారనీ. గొలుసు దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఫలానా వాళ్ళకి చెయ్యివ్వనని అనకూడదు. మనసులో కూడా అనుకోకూడదు. రేపే వెళ్ళి ఆవిడతో చెప్పు, నీకూ ఇస్తానని చెప్పు. భాష రాకపోతే చెయ్యి చాపి చూపించు.

ఎందుకని అడగకు. చెప్పింది చెయ్యి. చేసేక నాకు రాయి.

ఎగువన వానలు పడుతున్నాయి. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఇవ్వాళ ఆరు ట్రిప్పులే తిప్పేం.

గంగబాబు మావయ్య


డోంబివిలి
24 జూలై 2024

మావయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండురోజుల ముందు అందుంటే ఎంత బాగుండేది.

సోమవారం పొద్దున్న వాన. రైలు కదిలింది. గొడుగు వేసుకుని ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. గొడుగు అడ్డంగా ఉంది, మొహం కనబళ్ళేదు. చెయ్యి చాపేను. మణికట్టు పట్టుకున్నాను, ఆవిడా నాది పట్టుకుంది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. గాలికి గొడుగు పక్కకి పోయింది. పచ్చగాజులావిడ. నేను ఆవిడని చూసేను, ఆవిడ నన్ను చూసింది. ఆ తర్వాత నా చేతిలో గాజుముక్కలున్నాయి, ఆవిడ లేదు.

రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్యలో పడిపోయింది. ఆ కేక నీకు రాయలేను.

ఎవరో గొలుసు లాగేరు, రైలాగింది. ఆవిడ జట్టు నా మీద పడింది. గొడుగులతో, సంచులతో, చెప్పులతో. ఒకామె నా తల పట్టుకుని కడ్డీకేసి కొట్టింది. లడ్డూలు తెచ్చిన నర్సు కూడా కొట్టింది మావయ్యా. పోలీసులొచ్చి లాక్కుపోకపోతే నేనూ పట్టాల మీదే ఉండేదాన్ని. ఎడమ చెయ్యి విరిగింది, కట్టు కట్టేరు. కుడిచెయ్యి బాగానే ఉంది, దాంతోనే రాస్తున్నాను.

ఆవిడ బతికే ఉంది. ఎడం కాలు మోకాలి కింద తీసేసేరు. ఇంకా తెలివి రాలేదు. నేనే తోసేనని అందరూ రాసిచ్చేరు. ఎలా ఇవ్వరు? పట్టాల మీదికి వదిలేస్తానని నేను అరిచింది ఇరవైమంది విన్నారు. మా లాబు ఆఫీసరు హామీ ఉండి బయటికి తెచ్చేడు. రోజూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి సంతకం పెట్టాలి. ఆవిడ కళ్ళు తెరిచి ఏం చెప్తే అది. తోసిందని చెప్తే జైలు.

జైలు సంగతి అలా ఉంచు. నేను తొయ్యలేదు. కానీ ఆ మొహం చూసేక నా వేళ్ళు సడలేయా? వదిలేనా? ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ఒక్క క్షణం నాకు దొరకటం లేదు. నువ్వు వేలమందిని లాగేవు. నాన్న పంటు ఎక్కబోయి పడి చనిపోయిననాడు గొలుసు దగ్గరున్నది నువ్వే. నువ్వు పట్టుకున్నా జారిపోయాడని అందరూ చెప్తారు. జారిపోతే చేతికి ఎలా తెలుస్తుంది? వదిలేస్తే ఎలా తెలుస్తుంది? నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. నిజం రాయి. అమ్మకి చెప్పకు.

విజయ


సఖినేటిపల్లి రేవు
26 జూలై 2024

తలుపమ్మాయికి,

వరద గట్టెక్కేలా ఉంది. పంటు ఆపేసేరు, ఊరికే కూర్చుని రాస్తున్నాను. నీ నుంచి జవాబు రాలేదు. అలిగేవా? మాట వెనక్కి తీసుకోమంటే పౌరుషం వచ్చిందా? మీ నాన్న పౌరుషం నీకెందుకే?

మీ అమ్మ ఎండురొయ్యలూ కొబ్బరి లౌజూ చేసి పార్సిలు కట్టింది. రొయ్యల్లో ఏ మందూ లేదు, నీ లాబులో పరీక్ష చేసుకో. పచ్చగాజులావిడకి చెయ్యిచ్చేవా? ఇస్తే ఆ లౌజు సగం ఆవిడకి పెట్టు. ఆవిణ్ణి లాగిన సంగతి రాస్తే పంటు మీద అందరికీ చదివి వినిపిస్తాను. తొందరగా రాయి.

మావయ్య


సఖినేటిపల్లి రేవు
2 ఆగస్టు 2024

విజయా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. నేను మొన్న రాసిన ఉత్తరమూ పార్సిలూ నీకు అందే ఉంటాయి. ఆ ఉత్తరం కాల్చెయ్యి.

నిజం రాయమన్నావు. పదిహేడేళ్ళ నుంచి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జారిపోతే చేతికి తెలుస్తుంది. తడి తెలుస్తుంది, చర్మం ఒరుసుకోవటం తెలుస్తుంది, ఖాళీ అయ్యేక కూడా వేళ్ళు బిగుసుకునే ఉంటాయి. జారిపోయినవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళని నీళ్ళల్లోంచి తీసేం. మీ నాన్న జారిపోలేదు.

తీర్థానికి ముందురోజు వీర్రాజు బావ మీ అమ్మని తెడ్డుతో కొట్టేడు. భుజం ఎముక విరిగింది. నువ్వు అరుగు మీద ఏడుస్తున్నావు. నేను బావని చేపల మార్కెట్లో పట్టుకుని, అందరి ముందూ, కింద పడేసి కొట్టేను. రెండు పళ్ళూడేయి. లేచి, "రేపు నీ అక్క శవం చూస్తావు" అన్నాడు. నోరు కూడా తిరగలేదు, అంత దెబ్బ తిన్నాడు.

మర్నాడు నర్సాపురం రేవులో పంటు కదిలింది. తీర్థానికి వచ్చే జనం, ఊపిరాడని జనం. చివర్లో ఒకడు పరిగెత్తుకొచ్చి ఎగిరేడు. అలవాటుకొద్దీ చెయ్యి చాపేను. మొహం చూసేను. బావ కూడా చెయ్యి చాపేడు. వేళ్ళు వేళ్ళకి తగిలేయి. నేను పిడికిలి బిగించి వెనక్కి తీసుకున్నాను.

నీళ్ళల్లో పడి ఉంటే ఈదుకుంటూ వచ్చేవాడు, ఈత నాకంటే బాగా వచ్చు. పంటుకీ రేవు రాళ్ళకీ మధ్యలో పడ్డాడు. కెరటానికి పంటు వెనక్కి కొట్టింది. "జారిపోయాడు" అని మొదట అరిచింది నేనే. ఆ మాటే ఊరంతా అంది.

ఆనాటి నుంచి గొలుసు దగ్గర నిలబడలేకపోయేను. ఇంజను గదిలోకి పోయేను. అక్కడ ఎవరి కేకా వినబడదు. తర్వాత చెవులే పోయేయి. ఆ చెయ్యి చెయ్యాల్సిన పని నీ చేతికి నేర్పి, నా బదులు గొలుసు దగ్గర నిన్ను నిలబెట్టేను. అంత దుర్మార్గుణ్ణి.

నీ చేతిలో గాజుముక్కలున్నాయని రాసేవు. అవి గుచ్చుకున్నాయా? అరచేతిలో తెగిందా? వదిలేసిన చెయ్యి తెగదు విజయా. నాది తెగలేదు.

మీ అమ్మకి ఇది తెలీదు. ఏం చేసినా నీ ఇష్టం.

గంగబాబు


డోంబివిలి
14 ఆగస్టు 2024

గంగబాబు గారికి,

మీ ఉత్తరం ఆరురోజుల కిందట వచ్చింది. రైల్లో తలుపు దగ్గర నిలబడి చదివేను. దిగాల్సిన ఘాట్కోపర్ దాటిపోయింది, చివరి స్టేషన్ దాకా వెళ్ళిపోయేను. అందరూ దిగేక ఖాళీ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరూ లేవమనలేదు.

ముందు కేసు సంగతి. ఆవిడకి తెలివొచ్చింది. పేరు సులభ. నేను తొయ్యలేదని పోలీసులకి చెప్పింది. ఆవిడ మణికట్టు మీద నా అయిదు వేళ్ళ గుర్తులూ నల్లగా కమిలిపోయి ఉన్నాయట, డాక్టరు కూడా రాసిచ్చేడు. నా ఎడం అరచేతిలో, కట్టు కింద, నాలుగు కుట్లున్నాయి. నేను వదల్లేదు. ఆవిడే చెయ్యి మెలిపెట్టి లాక్కుంది. గొడుగు పక్కకి పోయి నా మొహం కనబడగానే, అందరి ముందూ నేనన్న మాట గుర్తొచ్చిందట. వదిలేస్తుందేమోనని భయపడి, ప్లాట్‌ఫారం మీదికి వెనక్కి దూకబోయిందట.

కాబట్టి జైలు లేదు. సంతోషం కూడా లేదు. నా చెయ్యి చివరిదాకా పట్టుకునే ఉంది, కానీ ఆవిడ కాలు తీసింది నా నోరు.

ఆసుపత్రికి వెళ్ళేను. నన్ను చూడగానే స్టీలు గ్లాసు విసిరింది. తగిలి నుదురు చిట్లింది. మర్నాడు మళ్ళీ వెళ్ళేను. ఆవిడ మంచం పక్కన నిలబడి, మీరు రాసినట్టే, భాష రాదు కనక చెయ్యి చాపేను. ఎంతోసేపు చూసింది. పట్టుకోలేదు. తిట్టి మొహం తిప్పుకుంది. రోజూ వెళ్తున్నాను. అమ్మ పంపిన లౌజు నిన్న ఆవిడ పిల్ల తిన్నది.

ఇక మీ సంగతి.

నాన్న మంచివాడు కాడని నాకు తెలుసు. ఆ తెడ్డు చప్పుడు నేను విన్నాను. అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవదు. మార్కెట్లో మీరు నాన్నని కొట్టింది తప్పని ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. చంపేసి ఉండొచ్చు కదా అక్కడే, అందరి ముందూ? అప్పుడు మీరు చంపేరని తెలిసేది. మిమ్మల్ని తిట్టుకుంటూనో మొక్కుకుంటూనో పెరిగేదాన్ని. మీరు పిడికిలి వెనక్కి తీసుకుని జారిపోయాడన్నారు. ఆ తర్వాత ఆ చేత్తోనే నాకు జడలు వేసేరు, బళ్ళోకి తీసుకెళ్ళేరు, అన్నం కలిపి పెట్టేరు. ఏ చెయ్యి పట్టుకుని నడుస్తున్నానో తెలీకుండా నడిచేను. మిమ్మల్ని కొట్టాలనుంది. తెడ్డుతో కొట్టాలనుంది. ఇది ఉత్తరంలో రాసి ఊరుకుందామంటే కుదరటం లేదు.

అమ్మకి నేను చెప్పను. అది మీరు చెప్పాల్సిన మాట. నేను వచ్చేలోపు చెప్పండి.

శనివారం, 24వ తారీఖు పొద్దున్న నర్సాపురంలో రైలు దిగుతాను. వరద తీసిందనీ, పంటు తిరుగుతోందనీ అమ్మ చెప్పింది. పదిగంటల పంటుకి వస్తాను. అందరూ ఎక్కి, పంటు కదిలేదాకా రేవు మెట్ల మీదే నిలబడి ఉంటాను. కదిలేక పరిగెత్తుకొచ్చి ఎక్కుతాను. ఆవేళ ఇంజను నాగసతీష్‌కి అప్పగించండి. గొలుసు దగ్గర ఇంకెవరినీ ఉండనివ్వద్దు.

నా ఎడం చేతికి ఇంకా కట్టుంది. కుడిచెయ్యి ఒక్కటే ఉంది. దాంతో నీ మణికట్టు పట్టుకుంటానో, నీ మొహం చూసి వెనక్కి తీసుకుంటానో నాకు తెలీదు. నిజంగా తెలీదు. నువ్వు మాత్రం చెయ్యి చాపి ఉంచు మావయ్యా.

విజయదుర్గ